తుపాకీకి లెక్క చెప్పిన ఆఫ్రికా, చెప్పని మనం

‘విమానాశ్రయంలో ప్రయాణికుడి బ్యాగులో తూటా, కేసు నమోదు’ అన్న వార్త కొన్ని నెలలకోసారి మన పత్రికల్లో వస్తూనే ఉంటుంది. అలా దొరికిపోయేవారిలో కొందరు లైసెన్సుదారులే. ఎప్పుడో బ్యాగు అరలో జారిపడిన తూటాను చూసుకోకుండా బయల్దేరినవాళ్లు. ఇంకొందరు అమెరికాలో ఫైరింగ్ రేంజికి వాడిన బ్యాగులోనే బట్టలు సర్దుకుని పెళ్లికో పండక్కో ఇంటికి వచ్చినవాళ్లు. స్కానర్ తెర మీద ఆ చిన్న ఇత్తడి ముక్క కనబడగానే ప్రయాణం ఆగిపోతుంది. పోలీస్ స్టేషన్, బెయిలు, కోర్టు వాయిదాలు మొదలవుతాయి. ప్రతిసారీ చర్చ ఒక్కచోటికే చేరుతుంది. చట్టప్రకారం తనదైన ఆయుధాన్ని మనిషి ఒక దేశం నుంచి మరో దేశానికి ఏ దారిన తీసుకెళ్లాలి? తీసుకెళ్లకూడదంటే ఆ సంగతి ఎక్కడ రాసి ఉంది?

ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఒక పద్ధతికి వచ్చినవి ఆఫ్రికా దక్షిణ భాగపు దేశాలు. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వేలకు అమెరికా, ఐరోపాల నుంచి వేటగాళ్లు ఏటా సొంత రైఫిళ్లతో దిగుతారు. వాళ్లు తెచ్చేది ఏనుగును పడగొట్టగల ఆయుధం. అయినా విమానాశ్రయంలో హడావుడి ఉండదు. ఎందుకంటే ఎన్ని తుపాకులు, ఏ రకం, ఎన్ని తూటాలు, ఏ ఫారం, ఎవరి సంతకం అన్నవన్నీ అంకెల్లో, అక్షరాల్లో ముందే రాసిపెట్టారు. మన చట్టంలో కాఠిన్యానికి కొదవలేదు, లేనిది ఆ లెక్కే. మన దేశంలో వేటకు మళ్లీ తలుపులు తెరవాలని నేను కోరడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ తలుపు మూసి మంచి పనే చేసింది. నా వాదన సరిహద్దు దాటే ఆయుధం గురించి, దాని యజమానికి రాజ్యం చెప్పాల్సిన తేట మాట గురించి.

జంతువు కొలతకు తగిన చట్టం

వేటకు ఏ తుపాకీ పట్టుకెళ్లాలన్నది వేటగాడి అభిరుచి అని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఆఫ్రికాలో ఆ ఎంపికలో సగం చట్టమే చేసేస్తుంది. జింబాబ్వే నిబంధనల ప్రకారం ఏనుగు, అడవి దున్న, నీటిగుర్రం వేటాడాలంటే తూటా వ్యాసం కనీసం 9.2 మిల్లీమీటర్లు, గొట్టం వీడేటప్పుడు దాని శక్తి కనీసం 5,300 జౌళ్లు ఉండాలి. సింహం, జిరాఫీ, ఈలాండ్ అనే భారీ జింక వరుసకు 7 మి.మీ., 4,300 జౌళ్లు. చిరుత, కుడు జింకలకు 3,000 జౌళ్లు. నమీబియా కూడా ఇలాగే మూడు మెట్లు కట్టింది: స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్న జంతువులకు 1,350 జౌళ్లు, కుడు, ఓరిక్స్ లాంటివాటికి 2,700, ఏనుగు, దున్నలకు 5,400.

ఈ అంకెలను రైఫిళ్ల పక్కన పెట్టి చూస్తే ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టిన .30-06 ప్రపంచంలో అత్యధికంగా దొరికే వేట తూటాల్లో ఒకటి. దాని శక్తి 3,900 జౌళ్లకు అటూఇటూ. నమీబియాలో కుడు, ఓరిక్స్ దాకా దానితో నిశ్చింతగా వెళ్లొచ్చు. జింబాబ్వేలో చిరుతకు సరిపోతుంది, ఈలాండ్‌కు చాలదు. 1912లో లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ తెచ్చిన .375 మాగ్నమ్‌లో 300 గ్రెయిన్ల తూటా సుమారు 5,700 జౌళ్లతో బయటికొస్తుంది. రెండు దేశాల పై మెట్టునూ అది దాటేస్తుంది. ఒకే రైఫిల్‌తో అన్నిచోట్లా గట్టెక్కాలనుకునేవాళ్లు వందేళ్లకు పైగా దానివైపే మొగ్గడానికి పేరుప్రతిష్ఠల కన్నా ఈ చట్టబద్ధతే పెద్ద కారణం. అదీగాక, దారిలో తూటాల పెట్టె గల్లంతైతే ఆ రకం జొహన్నెస్‌బర్గ్ దుకాణాల్లో దొరుకుతుంది. అరుదైన క్యాలిబర్ తెచ్చుకున్నవాడు ఆ పరిస్థితిలో ఉట్టి చేతులతో కూర్చోవాలి. మన లైసెన్సుదారుల సంగతీ చూద్దాం. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ తయారుచేసే .315 స్పోర్టింగ్ రైఫిల్ మన దగ్గర బాగా తెలిసిన ఆయుధం. దాని వ్యాసం 8 మిల్లీమీటర్లు. అంటే జింబాబ్వేలో అడవి దున్న ముందు అది చట్టరీత్యా తుపాకీ కిందే లెక్క కాదు.

చరిత్రలో దీనికి ఎదురు సాక్ష్యాలు లేకపోలేదు. స్కాట్లండ్ వేటగాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో చాలావాటిని 7 మి.మీ. రైఫిల్‌తోనే. 1907లో చంపావత్ ఆడపులిని మట్టుబెట్టినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా అందిన రైఫిల్ కూడా ఆ కొలతదే. గురి ముఖ్యం గానీ బోరు కాదని వాదించేవాళ్లు ఈ ఇద్దరి పేర్లే చెబుతారు. మాట నిజమే. కానీ బెల్ ఏనుగు తల లోపలి నిర్మాణాన్ని కోసి చూసి నేర్చుకున్నవాడు. ఏడాదికి పది రోజులు సెలవు పెట్టి వచ్చే వ్యాపారి బెల్ కాలేడు. అతడి గురి తప్పితే గాయపడిన దున్న ముళ్లపొదల్లోకి దూరుతుంది. దాని వెనక ముందుగా అడుగేయాల్సింది అతిథి కాదు, జాడలు పట్టే స్థానికుడు. ఆ జాడగాడి చేతిలో చాలాసార్లు తుపాకీ కూడా ఉండదు. 5,300 జౌళ్ల నిబంధనలో నాకు కనబడేది ఆ మనిషి ప్రాణం విలువ. వేటను వ్యతిరేకించేవాళ్లు కూడా ఈ ఒక్క నిబంధనను గౌరవించాలి.

పాలకుల భయానికి తగిన చట్టం

ఇందుకు పూర్తిగా భిన్నమైన చరిత్ర మనది. 1878 నాటి లిట్టన్ ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి, సూడాన్‌లోకి .450 క్యాలిబర్ రైఫిళ్లు రాకుండా నిషేధించింది. అప్పటికి పెద్ద జంతువుల వేటలో అది పేరున్న కొలత. కానీ పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులదీ అదే వ్యాసం. వేట తూటాలు తిరుగుబాటుదారుల చేతుల్లో పడితే ఆ పాత తుపాకులు మళ్లీ పేలతాయన్నది వాళ్ల భయం. లండన్ తుపాకుల కంపెనీలు ఇండియా గిరాకీని వదులుకోలేక .465, .470 లాంటి కొత్త కొలతలు తయారుచేశాయి. నేటికీ ఆఫ్రికాలో ఏనుగుల వేటకు వాడే .470 డబుల్ రైఫిల్ పుట్టుక వెనక ఉన్నది మన దేశంలో జనాన్ని చూసి పాలకులు పడ్డ బెదురు.

ఆ బెదురు ఉత్తదేమీ కాదని ఇరవయ్యేళ్లు తిరిగేలోగా మన మన్యమే చూపింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడిన అల్లూరి సీతారామరాజు దళం ఎత్తుకెళ్లింది తుపాకులు, తూటాలే. పరాయి ప్రభుత్వం తన ప్రజల చేతిలో ఆయుధం ఉండకూడదనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యపోవాల్సింది స్వతంత్ర దేశం కూడా ఆ చట్టపు నడకనే చాలావరకు నిలుపుకోవడం గురించి. .303, 7.62 మి.మీ. లాంటి సైనిక కొలతలు మనకు నేటికీ ‘నిషిద్ధ బోరు’. 1959 నాటి ఆయుధ చట్టం లిట్టన్ చట్టాన్ని తొలగించింది, జాతి వివక్షను తుడిచేసింది. అయితే అధికారి సందేహమే తుది మాటగా నడిచే తీరు మాత్రం మారలేదు.

ఆ చట్టంలోని 10వ సెక్షన్ చూడండి. లైసెన్సు లేకుండా ఆయుధాలను దేశంలోకి తేకూడదు, బయటికి తీసుకెళ్లకూడదు అని మొదలవుతుంది. ఆ వెంటనే మినహాయింపు: చట్టప్రకారం ఆయుధం ఉంచుకోదగిన వ్యక్తి సొంత వాడకానికి ‘సహేతుకమైన పరిమాణం’లో తీసుకురావచ్చు, తీసుకెళ్లవచ్చు. తర్వాతి ఉపసెక్షన్ ఈ మినహాయింపును మళ్లీ వెనక్కి లాగుతుంది: పరిమాణం విషయంలోగానీ వాడకం విషయంలోగానీ కస్టమ్స్ అధికారికి సందేహం వస్తే, కేంద్ర ప్రభుత్వం నుంచి ఉత్తర్వు అందేదాకా ఆయుధాన్ని ఆపి ఉంచవచ్చు. ఎన్ని తూటాలు దాటితే సందేహం రావాలో సెక్షన్ చెప్పదు. ఉత్తర్వు ఎన్ని రోజుల్లో రావాలో కూడా చెప్పదు. అదే సెక్షన్‌లో ఇంకో వింత ఉంది. కేంద్రం గుర్తించిన దేశాల నుంచి వచ్చే నిజమైన పర్యాటకుడు క్రీడ కోసం లైసెన్సు లేకుండానే తుపాకీ తెచ్చుకోవచ్చు. 1959లో మన అడవుల్లో విదేశీయులకు వేట ఏర్పాట్లు చేసే షికార్ కంపెనీలు నడిచేవి కాబట్టి ఆ వాక్యానికి అప్పుడు అర్థముంది. 1972తో వేట ఆగిపోయింది, వాక్యం మిగిలిపోయింది.

రాతలో ఉన్న కాఠిన్యం

నియమాలు స్పష్టంగా ఉంటే నియంత్రణ సడలుతుందని మన భద్రతా సంస్థల్లో ఒక నమ్మకం ఉంది. దక్షిణాఫ్రికా అనుభవం దీన్ని బలపరచడం లేదు. ఆ దేశంలో తుపాకీ నేరాలు తక్కువేమీ కాదు. వర్ణవివక్ష పాలన ముగిశాక పెరిగిపోయిన హింసను అదుపు చేయడానికే 2000లో కొత్త ఆయుధ నియంత్రణ చట్టం తెచ్చి, 2004 నుంచి అమలు చేశారు. విదేశీ వేటగాడికి ఆ చట్టం కింద ఒక్కో క్యాలిబర్‌లో ఒక్క తుపాకీయే అనుమతి, తుపాకీకి 200 తూటాలే. సెమీ ఆటోమేటిక్‌లకు చోటు లేదు. పిస్తోలు తేవాలంటే దానితోనే వేటాడతానని విడిగా రుజువు చూపాలి. ఇది మెతక చట్టం కాదు. కాకపోతే బయల్దేరేముందే ప్రతి షరతూ ప్రయాణికుడికి తెలుస్తుంది.

జొహన్నెస్‌బర్గ్‌లోని ఓఆర్ టాంబో విమానాశ్రయంలో జరిగే తంతు ఇలా ఉంటుంది. తుపాకీ పెట్టె మిగతా సామానుతో కలిసి బెల్టు మీద తిరగదు, పోలీసు కార్యాలయానికి చేరుతుంది. యజమాని ‘ఎస్ఏపీఎస్ 520’ అనే దరఖాస్తు చూపాలి. దాన్ని నల్ల సిరాతో నింపుకొస్తాడు, సంతకం మాత్రం అధికారి ఎదుటే పెట్టాలి. వేట ఏర్పాటు చేసిన సంస్థ పంపిన ఆహ్వాన లేఖ, పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, తుపాకీ తనదేనన్న రుజువు జతచేయాలి. అధికారి పెట్టె తెరిచి, లోహం మీద చెక్కిన సీరియల్ నంబరును వేలితో తడిమి, కాగితం మీది అంకెతో ఒక్కొక్కటీ పోల్చుకుంటాడు. ఒక్క అంకె తేడా వచ్చినా తుపాకీ అక్కడే ఆగిపోతుంది. సరిపోతే తాత్కాలిక దిగుమతి పర్మిట్ చేతికొస్తుంది. వెళ్లేటప్పుడు అదే తుపాకీ, అదే నంబరుతో దేశం దాటాలి. అధికారి ఇష్టాయిష్టాలకు ఇందులో చోటు తక్కువ, పరిశీలన మాత్రం కంటికి కనిపిస్తుంది.

విమానయాన సంస్థల నిబంధన కొన్నిసార్లు దేశాల చట్టం కన్నా బిగుతు. ప్రపంచమంతటా అమలయ్యే నియమం ప్రకారం ప్రయాణికుడు చెక్-ఇన్ సామానులో 5 కిలోలకు మించి తూటాలు తీసుకెళ్లరాదు. .375 తూటా ఒక్కోటి నలభై గ్రాములు దాటుతుంది. పెట్టె బరువూ కలుపుకుంటే వంద తూటాలకే 5 కిలోలు నిండుతాయి. జొహన్నెస్‌బర్గ్‌లో 200కు అనుమతి ఉందన్న ధీమాతో వచ్చినవాడు మొదటి కౌంటర్ దగ్గరే సగం వదిలేయాల్సి వస్తుంది. తుపాకీ ఖాళీగా, గట్టి పెట్టెలో, తాళం వేసి ఉండాలి. చేతి సంచిలో ఖాళీ తూటా తొడుగు కూడా ఉండకుండా చూసుకోవడం మంచిది.

అసలు ప్రమాదం చాలాసార్లు గమ్యంలో ఉండదు, మధ్యలో దిగే దేశంలో ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారాలంటే డచ్ కస్టమ్స్ ముందస్తు సమ్మతి ఉండాలి. మన ప్రయాణికులు ఎక్కువగా ఎంచుకునే గల్ఫ్ దారుల్లోనూ విమాన సంస్థ ద్వారా ముందే అనుమతి తీసుకోవాలి. ఒకే దేశంలో కూడా ఈ చిక్కు తప్పదని అమెరికాలో 2005లో జరిగిన ఒక ఉదంతం చూపింది. యూటా నుంచి పెన్సిల్వేనియాకు వెళ్తున్న ఒకాయన తన పిస్తోలును నిబంధనల ప్రకారమే చెక్-ఇన్ చేశాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో తర్వాతి ప్రయాణం తప్పిపోయింది, సామాను ఆలస్యంగా చేతికొచ్చింది, రాత్రికి హోటల్లో ఉండిపోయాడు. తెల్లవారి అదే విమానాశ్రయంలో నిజాయితీగా తుపాకీ ఉందని చెప్పగానే అరెస్టు చేశారు. రాష్ట్రాల మీదుగా తుపాకీతో వెళ్లేవారికి ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణ, ఆ రాత్రి పెట్టె అతడికి అందుబాటులో ఉన్నందువల్ల వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు తేల్చింది. కేసు కొట్టేసినా అతడు రోజుల తరబడి జైల్లో ఉన్న మాట వాస్తవం. సామాను మధ్యలో చేతికి రాకుండా గమ్యం దాకా నేరుగా పంపించడం, రాత్రి బస లేని దారి ఎంచుకోవడం ఎందుకంత అవసరమో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

అమెరికాలోని మన తెలుగువారికి ఇంకో మడత పేచీ ఉంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఆ కాగితంతో టెక్సాస్‌లో రైఫిల్ కొనుక్కుని, దాన్నే ఆఫ్రికాకు తీసుకెళ్లొచ్చని అనుకుంటే చిక్కే. లైసెన్సు లేకుండా మూడు తుపాకులు, వెయ్యి తూటాల దాకా వెంట తీసుకెళ్లే ఎగుమతి మినహాయింపు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. తాత్కాలిక వీసాదారుడు తాను బయటి నుంచి తెచ్చిన తుపాకీని తిరిగి తీసుకుపోవచ్చు, అంతే. ఇక యజమానిత్వానికి రుజువుగా ఆఫ్రికా దేశాలు అమెరికన్లను అడిగేది కస్టమ్స్‌వారి 4457 ఫారం. విదేశాలకు పట్టుకెళ్లే కెమెరాలు, గడియారాలు తిరిగొచ్చేటప్పుడు సుంకం పడకుండా నమోదు చేయించుకునే కాగితమది. అమెరికాలో దేశమంతటికీ చెల్లే తుపాకీ లైసెన్సు లేదు కాబట్టి దాన్నే లైసెన్సుగా చూస్తున్నారు. ఆ ఫారం మూలన అచ్చయ్యే గడువు తేదీని లైసెన్సు గడువుగా భావించి దక్షిణాఫ్రికా అధికారులు అభ్యంతరం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. స్పష్టత ఒక దేశంలో ఉంటే చాలదు, రెండు దేశాల కాగితాలూ ఒకదానికొకటి అర్థం కావాలి.

అద్దె తుపాకీ, అసలు అభ్యంతరం

ఇంత బాధ దేనికి, అక్కడే అద్దెకు తీసుకోవచ్చు కదా అనేవారి వాదనలో బలముంది. వేట ఏర్పాటు చేసే సంస్థలు చాలావరకు తుపాకులు అద్దెకిస్తాయి. దక్షిణాఫ్రికా చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్లు నిండిన లైసెన్సుదారుడు తన ప్రత్యక్ష పర్యవేక్షణలో వేరొకరిచేత తన తుపాకీ వాడించవచ్చు. దీనికి వేటగాళ్ల జవాబు: పరాయి తుపాకీ భుజానికి అమరదు, ట్రిగ్గర్ బరువు తెలియదు, ఎడమచేతివాటం వాళ్లకు నప్పేది దొరకదు, గురి తప్పితే బాధపడేది జంతువే. మొదటిసారి వెళ్లేవాడికి, ముఖ్యంగా భారత్ నుంచి వెళ్లేవాడికి, అద్దె తుపాకీయే మేలని నా అభిప్రాయం. ఒకటి రెండు రోజులు రేంజిలో సాధన చేస్తే ఆ కొత్తదనం పోతుంది. కస్టమ్స్ గోదాములో చిక్కుకున్న రైఫిల్‌ను విడిపించుకోవడం అంత తేలిక కాదు.

ఈ 22వ సెక్షన్ లాంటి తేట నియమం ఎంత అవసరమో మనకూ ఒక చేదు అనుభవం ఉంది. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని చంపినప్పుడు, అటవీశాఖ పిలిపించింది హైదరాబాద్‌కు చెందిన వేటగాణ్ని, కాల్చింది ఆయన కుమారుడు. ఎవరి పేరిట అనుమతి, ఎవరి చేతిలో తుపాకీ అన్న వివాదం నెలల తరబడి నడిచింది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమించిన బృందం ఆయుధ చట్టం ఉల్లంఘన జరిగిందని చెప్పింది.

వేటను వ్యతిరేకించేవారి అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. తుపాకీ ప్రయాణాన్ని సుగమం చేయడమంటే చంపడాన్ని సుగమం చేయడమే కదా అంటారు. జింబాబ్వేలో సెసిల్ అనే సింహం మరణం 2015లో ప్రపంచాన్ని కుదిపేశాక అమెరికా విమాన సంస్థలు కొన్ని జంతు అవశేషాల రవాణా మానేశాయి. ఆ కోపం న్యాయమైనదే. అయితే సెసిల్‌ను వేటాడింది విల్లంబులతో. గాయపడి గంటల తరబడి బాధపడి చనిపోయింది. తుపాకీని ఆపినంత మాత్రాన ఆ క్రూరత్వం ఆగేది కాదు. కెన్యా 1977లోనే వేటను పూర్తిగా నిషేధించింది. అయినా 1977, 2016 మధ్య అక్కడి వన్యప్రాణుల సంఖ్య 68 శాతం పడిపోయిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నిషేధం వల్లే పడిపోయిందనడం అన్యాయం. జనాభా, పశువుల మందలు, కంచెలు, కరవు కలిసి చేసిన పని అది. కానీ నిషేధం ఒక్కటే అడవిని కాపాడదన్నది తేలిపోయింది. నమీబియా 1996లో గ్రామ సమూహాలకు వన్యప్రాణుల మీద హక్కులిచ్చి, వేట ఆదాయంలో వాటా చేరేలా చూసింది. బోట్స్వానా 2014లో వేట ఆపి, ఏనుగులతో పొలాలు పోగొట్టుకున్న రైతుల ఒత్తిడితో 2019లో మళ్లీ అనుమతించింది. ఈ వాదం తేలాల్సింది ఆ దేశాల పల్లెల్లో. దాన్ని విమానాశ్రయ కౌంటర్ల దగ్గర తేల్చాలనుకోవడం సరికాదు. చంపిన జంతువు కొమ్ములూ చర్మమూ వేరే పర్మిట్ల కిందికి వస్తాయి. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందాన్ని మన వన్యప్రాణి చట్టంలో 2022 సవరణతో చేర్చుకున్నాం. ఆఫ్రికాలో వేటాడిన భారతీయుడు ఆ గుర్తులను ఇంటికి తెచ్చుకోవడం తుపాకీ తెచ్చుకోవడం కన్నా కష్టం. అది అలాగే ఉండాలి.

మనం చేయదగినది

ఇక మన ఇంటి సంగతి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది, శిక్షలను పెంచింది. ప్రయాణం గురించి మాత్రం మౌనం వహించింది. ఆ లోటును పూడ్చే భారం కోర్టుల మీద పడింది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే అది నేరమవుతుందని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సూత్రం చెప్పింది. దాని ఆధారంగా ఢిల్లీ హైకోర్టు విమానాశ్రయ తూటా కేసులను వరసగా కొట్టేస్తూ వచ్చింది. తుపాకీ లేని ఒంటి తూటాను 45వ సెక్షన్ మినహాయించిన ‘చిన్న భాగం’గా చూసిన తీర్పులూ ఉన్నాయి. తీర్పు మంచిదే. కానీ అలాంటి తీర్పు వచ్చేలోగా తూటాతో పట్టుబడిన మనిషి ఉద్యోగానికి తిరిగి వెళ్లే విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. పాస్‌పోర్టు కోర్టులో ఉంటుంది. ప్రతి ఒక్కరూ హైకోర్టు దాకా వెళ్తేగానీ దక్కని న్యాయాన్ని నియమంగా రాసేస్తే పోయేదేముంది?

భద్రతాధికారుల ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒక తూటా వెనక అక్రమ రవాణా ముఠా ఉండొచ్చు. విచారించండి, తూటాను స్వాధీనం చేసుకోండి, ప్రయాణికుడి వివరాలన్నీ సరిచూడండి. కానీ చెల్లుబాటయ్యే లైసెన్సు చూపినవాణ్ని, తుపాకీ లేకుండా ఒంటి తూటాతో దొరికినవాణ్ని, ముఠా సభ్యుడితో సమానంగా క్రిమినల్ కేసులోకి నెట్టడం వల్ల ముఠాలు దొరకవు. పోలీసుల సమయం వృథా అవుతుంది, అంతే. అలాంటి సందర్భాల్లో జరిమానా, స్వాధీనం, నమోదు చాలు. రెండోసారి దొరికితే కేసు పెట్టవచ్చు.

తుపాకీతో బయటికి వెళ్లేవారికి, తిరిగొచ్చేవారికి ముందస్తు అనుమతి పద్ధతి కావాలి. మన ప్రతి ఆయుధ లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ఒక విశిష్ట సంఖ్య ఉంది. ప్రయాణానికి ముందే ఆ సంఖ్య, తుపాకీ సీరియల్ నంబరు, తూటాల సంఖ్య, తిరుగు తేదీ ఆన్‌లైన్‌లో నమోదు చేసి, కస్టమ్స్ నుంచి అనుమతి పత్రం తీసుకునే వీలుంటే, 10వ సెక్షన్‌లోని సందేహం విమానాశ్రయంలో పుట్టదు. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు అన్నదానికి గట్టి అంకె పెట్టాలి. అది దక్షిణాఫ్రికా అంకె కన్నా తక్కువైనా ఫరవాలేదు. ఆయుధాన్ని ఆపితే ఎన్ని రోజుల్లో తేల్చాలో గడువు పెట్టాలి. దీనివల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది వేటగాళ్లకు కాదు, విదేశీ పోటీలకు ఏటా రైఫిళ్లు, పిస్తోళ్లు మోసుకెళ్లే మన షూటర్లకు. గగన్ నారంగ్, ఈషా సింగ్ లాంటివాళ్లను దేశానికిచ్చిన హైదరాబాద్‌కు ఈ అవసరం బాగా తెలుసు. విదేశీ పర్యాటకుల వేట కోసం 1959లో రాసిన నిబంధనను క్రీడాపోటీలకు వచ్చేవారికి మాత్రమే వర్తించేలా తిరగరాయాలి.

ఇందులో చాలావరకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. నిబంధనలు రూపొందించే అధికారాన్ని ఆయుధ చట్టం 44వ సెక్షన్‌లోనే కేంద్రానికిచ్చింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా మినహాయింపులు ప్రకటించే అధికారం 41వ సెక్షన్‌లో ఉంది. హోంశాఖ ఒక నోటిఫికేషన్‌తో మొదలుపెట్టవచ్చు. అందులో మొదటి పంక్తిగా ఒంటి తూటా కేసులకు సంబంధించిన నియమం ఉండాలి, ఎందుకంటే వచ్చే పెళ్లిళ్ల సీజనుకు అమెరికా నుంచి బయల్దేరే ఎవరో ఒకరి బ్యాగు అరలో అలాంటి తూటా ఒకటి ఇప్పటికే ఉండివుంటుంది.